డ్రిల్లు జరిగినది

డ్రిల్లు మాస్టారికి ఆ బడిలో ఇంకెవరికీ లేని మంచిపేరు ఒకటుంది. ఆయన దేనికీ కాదనడు. పరీక్షల బల్లలు మూడో అంతస్తుకి ఎక్కించాలన్నా, టీకాల రోజున ఏడ్చే పిల్లల చేతులు పట్టుకోవాలన్నా, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు గేటు దగ్గర రాసుకోవాలన్నా, మేడమీద నీళ్ల ట్యాంకు పొర్లిపోతుంటే ఉరికెళ్లి మోటారు కట్టెయ్యాలన్నా, అందరికీ మొదట గుర్తొచ్చేది ఆయనే. డ్రిల్లు ఒక్కటి తప్ప ఆ బడిలో ఆయన చెయ్యని పని లేదు. ఈ మాట గిట్టనివాళ్లు పుట్టించింది కాదు. మాస్టారే తన గురించి తను కల్పించుకున్నాడు. మనల్ని చూసి మనమే ముందు నవ్వేసుకుంటే, తర్వాత నవ్వేవాళ్లకి పెద్దగా ఏమీ మిగలదని ఆయన లెక్క.

నవ్వుకోవడానికి సరుకు కూడా బోలెడుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఒక్క గెంతులో మైదానం గోడ దూకేవాడు. పంతొమ్మిదేళ్లు గడిచేసరికి బూటు లేసు కట్టుకోవాలంటే అదే గోడవైపు తిరిగి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ఊపిరి బిగబట్టి వంగాల్సి వస్తోంది. మెడలో ఈల మాత్రం అప్పటిదే. ఛాతీ మీద వేలాడాల్సిన ఈల ఇప్పుడు పొట్ట మీద హాయిగా పడుకుంటోంది.

“పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే నేనేనోయ్” అనేవాడు భార్యతో.

ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దుటినుంచీ ఊళ్లోవాళ్ల మోకాళ్ల నొప్పులూ నడుం నొప్పులూ వినీ వినీ ఇంటికొచ్చాక మొగుడి చమత్కారాలకి నవ్వే ఓపిక ఉండేది కాదు. “దిబ్బ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పొట్ట సంగతి చూడండి” అనేసి వంటగదిలోకి వెళ్లిపోయేది.

అసలు మొదటి నాలుగేళ్లూ ఆయన డ్రిల్లు నిజంగానే చెప్పాడు. పిల్లలు పరిగెత్తేవారు, పడేవారు, మోకాళ్లు గీరుకుని మళ్లీ లేచేవారు. ఐదో ఏడు, పరీక్షలకి వారం ముందు, లెక్కల మాస్టారు మైదానం అంచుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో సుద్దముక్క, మొహంలో లోకంలోని దైన్యమంతా.

“మాస్టారూ, మీ పీరియడ్ ఒక్కటి ఇప్పించండి. రెండు పాఠాలు మిగిలిపోయాయి. మీ మేలు మర్చిపోను.”

నిజంగానే మర్చిపోలేదు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ వారంలోనే సైన్సు టీచరు కూడా వచ్చింది. లెక్కలకిచ్చి సైన్సుకి లేదంటే ఏం మర్యాద? ఆవిడ వెనకాల భాషలవాళ్లూ, వాళ్ల వెనకాల చరిత్ర మాస్టారూ వచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పిల్లల ఆటని మాస్టారు అడిగినవాళ్లకి అడిగినంత పంచిపెట్టాడు. “మీలాంటి మంచివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు మాస్టారూ” అనేవారు పుచ్చుకున్నవాళ్లు. ఆ మాట చెవికి ఎంత చల్లగా ఉండేదో చెప్పలేం. కొన్నాళ్లకి అడగడం కూడా మానేశారు. టైంటేబుల్లో 'డ్రిల్లు' అని ఉన్నచోట 'లెక్కలు' అని చదువుకోవడం పిల్లలకీ అలవాటైపోయింది.

కాగితం మీద మాత్రం వ్యవహారం వేరు. ఎవరి పీరియడ్‌కి వాళ్లే రిజిస్టరులో రాసి సంతకం చెయ్యాలని రూలు. 'జరిగిన పని' అని ఒక గడి ఉంటుంది. అందులో లెక్కలని రాస్తే లెక్కల మాస్టారికి మాటొస్తుంది, ఖాళీగా వదిలేస్తే తనకి మాటొస్తుంది. అందుకని ప్రతి సోమవారం పొద్దున్నే టీ తాగుతూ వారానికి సరిపడా ఒకేసారి రాసేసేవాడు. 'పరుగు, బంతి ఆట. డ్రిల్లు జరిగినది.' విసుగు పుడితే పరుగు కొట్టేసి కప్పగంతులు పెట్టేవాడు. హుషారుగా ఉన్న రోజున పందాలు కూడా పెట్టించేవాడు. ఒకసారి వానలకి మైదానం చెరువై కప్పలు అరుస్తున్న వారంలో కూడా రిజిస్టరులో రిలే పందెం జరిగింది. ఎనిమిదో తరగతి బి సెక్షను గెలిచింది.

పదిహేనేళ్లు ఇలా సాఫీగా నడిచిన బండిని ఒక సోమవారం హెడ్ మేడమ్ ఆపింది. తన గదిలోకి పిలిచి కూర్చోమంది. కూర్చోమనగానే మాస్టారికి అనుమానం వచ్చింది. ఆ గదిలోకి ఆయన్ని ఏదో ఒకటి మొయ్యడానికే పిలుస్తారు గానీ కూర్చోడానికి ఎప్పుడూ పిలవలేదు.

“బడి కమిటీవాళ్లు మన మైదానంలో మూడు స్టడీ గదులు కడదామంటున్నారండీ” అంది మేడమ్. “కొత్త అధ్యక్షురాలు పళ్ల డాక్టరు కదా, ఏదైనా కళ్లారా చూడందే పీకదు. రెండు పనులు చెప్పింది. ఒకటి, వ్యాయామ విద్య చరిత్ర, ప్రాముఖ్యం గురించి మీరు నాలుగు పేజీల నివేదిక రాయాలి. రెండు, శుక్రవారం మీరు ఎనిమిదో తరగతికి డ్రిల్లు చెబుతుంటే ఆవిడొచ్చి చూస్తుంది. దాన్నిబట్టి గదులా మైదానమా అన్నది అప్పుడే తేల్చేస్తారు.”

మాస్టారు అలవాటు కొద్దీ ఊఁ అన్నాడు. గదిలోంచి బయటికొచ్చాక గానీ ఆ ఊఁకి అర్థం తెలియలేదు. మైదానం లేని బడికి డ్రిల్లు మాస్టారెందుకు? చెరువు పూడ్చేశాక పడవ నడిపేవాడితో ఏం పని?

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. చరిత్ర అన్నారు కాబట్టి మొదటినుంచీ మొదలుపెట్టాలి గదా అని ఆదిమానవుడి దగ్గర మొదలుపెట్టాడు. 'వ్యాయామమునకు ఆద్యుడు ఆదిమానవుడు. అతడు జంతువుల వెంట పరుగెత్తెను. కొన్ని సమయములందు జంతువులు అతని వెంట పరుగెత్తెను.' రెండో వాక్యం రాశాక తన పాండిత్యానికి తనే ముచ్చటపడ్డాడు.

పక్కనే కూతురు లెక్కలు చేసుకుంటోంది. ఆ పిల్లది తండ్రి పనిచేసే బడే, చదివేది ఎనిమిదో తరగతే. మెడ చాచి ఆ కాగితం చదివింది.

“నాన్నా, ఆదిమానవుడికి లెక్కల మాస్టారు లేడా?”

“లేడమ్మా.”

“అందుకే పరిగెత్తాడన్నమాట” అని మళ్లీ తన లెక్కల్లో పడిపోయింది. నవ్వించాలని అన్నట్టు లేదు. తెలిసిన సంగతి చెప్పినట్టే ఉంది.

మాస్టారు గబగబా ముందుకు నడిపించాడు. రాజులకి సైనికులు కావలసి వచ్చి బడుల్లో కవాతు పెట్టించడం, రోజంతా బల్లలకి అతుక్కుపోయిన పిల్లల వెన్నులు వంగిపోతున్నాయని వైద్యులు మొరపెట్టుకోవడం, అప్పుడు కవాతులోకి ఆట వచ్చి చేరడం, చదువుతోపాటు దానికీ టైంటేబుల్లో ఒక గడి దొరకడం, అన్నీ రాశాడు. ఆ గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఆ తర్వాత గడి ఏమైందో ఆయనకన్నా బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు. రాయడానికే వీల్లేదు.

మంగళవారం పాత సామాన్ల గది తాళం తీయించాడు. విరిగిన బెంచీల వెనక, చీకిపోయిన వలల కింద, అట్ట ఊడిన రిజిస్టరొకటి దొరికింది. బడి పెట్టిన కొత్తలో పనిచేసిన మొట్టమొదటి డ్రిల్లు మాస్టారిది. ఆయన సైన్యంలోంచి వచ్చినవాడని మాత్రమే అందరికీ తెలుసు. అక్షరాలు కూడా వరసలో నిలబెట్టినట్టే ఉన్నాయి.

'వాన. వసారాలో గెంతించినాను.' 'కర్ర డంబెల్సు నాలుగు విరిగినవి. కొత్తవి అడిగినాను.' 'కొత్తవి మరల అడిగినాను.' 'లెక్కల పంతులుగారు పీరియడ్ అడిగినారు. ఇవ్వలేదు. అలిగినారు.' 'ఏడవ తరగతిలో ఎన్నడును మాట్లాడని పిల్ల నేడు తాడు కొసదాకా ఎక్కినది. పైనుండి అందరినీ పేరుపేరునా పిలిచినది. ఆ పిల్లకు అంత గొంతు ఉన్నదని మాకెవరికీ తెలియదు.'

ఒక పేజీ చదివి నవ్వుకుందామని తెరిచినవాడు దుమ్ములో నిలబడి నలభై పేజీలు చదివాడు. ఆ ముసలాయన ఒక్కచోట కూడా 'డ్రిల్లు జరిగినది' అని రాయలేదు. జరిగితే రాయాల్సిన అవసరం ఉండదు కాబోలు. మాస్టారికి సిగ్గేసింది. తన మీద తను వేసుకునే జోకులు ఎన్నో ఉన్నాయి గానీ, ఈ సిగ్గుకి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

శుక్రవారం పరువు దక్కాలంటే గురువారం పీరియడ్‌లో పిల్లల చేత ఒకసారి సాధన చేయించాలి. ఆ మాత్రం తెలివి ఆయనకీ ఉంది. గురువారం పొద్దున్నే మెట్ల దగ్గర లెక్కల మాస్టారు ఎదురయ్యాడు.

“ఇవాళ చిన్న టెస్టుంది మాస్టారూ. మీకు కావాల్సింది రేపటి పీరియడ్ కదా? ఇవాళ్టిది నాకిచ్చేయండి.”

“అంటే... ఇవాళ కొంచెం...” అన్నాడు డ్రిల్లు మాస్టారు.

“థాంక్సండీ” అని లెక్కల మాస్టారు మెట్లెక్కేశాడు.

ఉద్యోగం ఊగుతున్న వారంలో కూడా పీరియడ్ దానం చేసిన మొనగాణ్ణి నేనే అయ్యుంటాను, అనుకున్నాడు మాస్టారు. ఈ ఘనత చరిత్రలో రాయదగ్గదే గానీ నాలుగు పేజీలూ ఆదిమానవుడితోనూ రాజులతోనూ అప్పటికే నిండిపోయాయి.

శుక్రవారం పదకొండింటికి పళ్ల డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో చిన్న నోటుపుస్తకంతో గోడ నీడన నిలబడింది. ఒక పక్క హెడ్ మేడమ్, ఇంకో పక్క ఉపాధ్యాయుల తరఫున లెక్కల మాస్టారు.

ఎనిమిదో తరగతి పిల్లలు నలభైమంది మెట్లు దిగి మైదానంలోకి వచ్చారు. వచ్చి, నాలుగు వరసల్లో నేల మీద కూర్చుని, లెక్కల పుస్తకాలు తెరిచారు. జామెట్రీ పెట్టెలు పక్కన పెట్టుకున్నారు. మాస్టారు వరసల మధ్యకి ఉరికాడు. “పుస్తకాలు గోడ దగ్గర పెట్టేయండమ్మా, ఇవాళ వద్దు” అని గొంతు తగ్గించి బతిమాలాడు. “మరి ఇవాళ ఏం చెయ్యాలి సార్?” అని ముందు వరసలోంచి ఒకడు గొంతు తగ్గించకుండా అడిగాడు.

ఎలాగో లేపి నిలబెట్టాడు. పొట్ట వెనక్కి లాక్కుని, ఛాతీ ముందుకి పొడిచి, పరుగు మొదలుపెట్టమని బలంగా ఈల ఊదాడు.

నలభైమందీ కొయ్యబారిపోయారు. నలభై చూపుడువేళ్లు నలభై పెదాల మీదికి వచ్చాయి.

పదిహేనేళ్లుగా ఆ ఈల మోగింది ఒక్క పనికే. వరండాలో గోల ఆపడానికి, భోజనాల గదిలో నోళ్లు మూయించడానికి. ఆ ఈలకి పరిగెత్తాలన్న అర్థం కూడా ఉంటుందని ఈ పిల్లలకి చెప్పినవాళ్లు లేరు. మాస్టారు కంగారులో ఇంకా గట్టిగా ఊదాడు. ముక్కు గోక్కుంటున్న పిల్లాడొకడు గోక్కోడం కూడా ఆపేశాడు.

“క్రమశిక్షణ బాగుందండీ” అంది డాక్టరమ్మ, రాసుకుంటూ.

“పరిగెత్తండి! మైదానం చుట్టూ పరిగెత్తండర్రా!” అని అరిచాడు మాస్టారు.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మెట్లు దిగేటప్పుడు నేర్పినట్టే ఒకరి వెనక ఒకరు నిలబడి, ముందువాళ్ల భుజం మీద చెయ్యి వేసి, రైలుపెట్టెల్లా కదిలారు. సగం చుట్టు తిరిగేసరికి ముందున్న పిల్ల ఆయాసంతో ఆగింది. వెనకాల పెట్టెలన్నీ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు కూలబడ్డారు. ఇద్దరు డొక్కలు పట్టుకున్నారు. ఒకడు చెయ్యెత్తి, “సార్, ఇది పరీక్షలో వస్తుందా?” అని అడిగాడు.

కనీసం బంతైనా కాపాడుతుందేమోనని మాస్టారు బంతి తీసుకున్నాడు. దగ్గర్లో ఎవరున్నారో చూడకుండా, పసిపిల్లలకి వేసినట్టు మెల్లిగా, కిందనుంచి విసిరాడు. అది ఆయన కూతురివైపు వెళ్లింది. పట్టుకోడానికి ఆ పిల్ల చేతులు ముందుకి రాలేదు. రెండు చేతులతో తల కప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు ముడుచుకుపోయింది. బంతి మోచేతికి తగిలి పక్కకి దొర్లింది. వెళ్లి తెచ్చినవాళ్లు లేరు.

మాస్టారు చాలాసేపు ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు. నలుగురి పిల్లలకీ ఏమిచ్చాడో ఏమివ్వలేదో తర్వాత సంగతి. ఇంట్లో పుట్టిన పిల్లకి, డ్రిల్లు మాస్టారి కూతురికి, పదమూడేళ్లొచ్చినా బంతి అంటే భయం. ఆ పూట మొట్టమొదటిసారి ఆయనకి తన మీద నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

తర్వాత నలుగురూ హెడ్ మేడమ్ గదిలో కూర్చున్నారు. డాక్టరమ్మ నాలుగు పేజీల నివేదిక చదివింది, ఆదిమానవుడి దగ్గర కొంచెం నవ్వింది. తర్వాత రిజిస్టర్లు తెప్పించుకుని వరసగా తిరగేసింది.

“మాస్టారూ, మిమ్మల్ని నేనేమీ తప్పుపట్టడం లేదు” అంది. “వారానికి నాలుగు పీరియడ్లు, పదిహేనేళ్లు. ఒక్కటి తప్పలేదు. వానల్లో కూడా రిలే పందాలు పెట్టించారు. మీ శ్రద్ధకి వంక పెట్టలేం. కానీ ఇంత డ్రిల్లు చేసిన పిల్లలు సగం చుట్టు కూడా తిరగలేకపోయారు. మందు ఇన్నేళ్లు వాడినా గుణం కనపడకపోతే ఆ మందు మానెయ్యాల్సిందే కదా? ఆ మైదానం ఉంచి ఏం లాభం చెప్పండి? గదులు కడితే కనీసం చదువుకుంటారు.”

“మాస్టారి ఉద్యోగానికేం ఢోకా లేదు” అంది హెడ్ మేడమ్ మంచి మనసుతో. “స్టడీ గదుల్లో పిల్లల్ని చూసుకోడానికి ఎలాగూ ఒకరు కావాలి. ఆయన కాదనరు.”

అంతా ఎంత చక్కగా కుదిరిపోయిందో! ఉద్యోగం నిలబడింది. పైగా శ్రద్ధ గల మనిషని పేరొచ్చింది. ఇక ఆయన చెయ్యాల్సిందల్లా ఊఁ అనడం. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. ఊఁ అంటే మాత్రం, పిల్లలకి ఆట వల్ల ఏమీ ఒరగదని తన సంతకాలే సాక్ష్యం చెబుతాయి, ఆ మైదానం మీద గోడలు లేస్తాయి. కాదంటే ఆ సంతకాలన్నీ దొంగవని తన నోటితో తనే చెప్పుకోవాలి. మధ్యలో దారి ఉందేమోనని ఆయన నిజంగానే వెతికాడు. లేదు. కళ్లు మూసుకుంటే, తల కప్పుకున్న రెండు చిన్న చేతులు కనిపిస్తున్నాయి.

“కాదండీ” అన్నాడు.

ముగ్గురూ ఆయనవైపు తిరిగారు. ఆయన నోట ఆ మాట వాళ్లెప్పుడూ వినలేదు.

“ఆ రిజిస్టరు అబద్ధమండీ. రాసింది నేనే. సంతకాలూ నావే. పదిహేనేళ్లుగా నేను ఒక్క పీరియడ్ కూడా డ్రిల్లు చెప్పలేదు. సోమవారం సోమవారం కూర్చుని కల్పించి రాశాను. వానలో రిలే కూడా.”

“మరి ఆ పీరియడ్లన్నీ ఏమయ్యాయి?” అంది డాక్టరమ్మ, కలం ఆపి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లెక్కల మాస్టారు చొక్కా మీది సుద్దపొడి దులుపుకున్నాడు.

“అడిగినవాళ్లకల్లా ఇచ్చేశానండీ. అడిగినవాళ్ల తప్పేం లేదు, వాళ్ల పాఠాలు వాళ్లకి ముఖ్యం. నా పాఠం నాకు ముఖ్యం కాకపోయింది. మంచివాడన్నారని ఇచ్చేశాను.” ఆయన డాక్టరమ్మవైపు తిరిగాడు. “మందుల షాపావిడ మొగుణ్ణి కాబట్టి ఒక్కమాట చెబుతానండీ. మూత కూడా తియ్యని సీసా చూపించి మందు పనిచెయ్యలేదంటే ఎలా? ప్రాముఖ్యం గురించి రాయమన్నారు. డ్రిల్లు వల్ల పిల్లలకి మేలుందో లేదో ఈ బడిలో చూసినవాళ్లెవరూ లేరు. ఒక్క ఏడాది నిజంగా చెప్పించి చూడండి. అప్పటికీ గుణం లేకపోతే గదులు కట్టుకోండి. నన్నేం చేసినా సరే, నేను అడ్డం చెప్పను.”

డాక్టరమ్మ రిజిస్టరు మూసి, నోటుపుస్తకంలో రాసింది కొట్టేసి, కొత్త పేజీ తిప్పింది.

వారం తిరక్కుండానే ఉత్తర్వులొచ్చాయి. మైదానం ఒక ఏడాదిపాటు ముట్టుకోరు. డ్రిల్లు పీరియడ్ ఇంకెవరూ వాడుకోకూడదు. డ్రిల్లు చెప్పడానికి శిక్షణ పొందిన కొత్త టీచరు వస్తుంది. దొంగ రాతలు రాసినందుకు మాస్టారిని డ్రిల్లు నుంచి తప్పించి ఆఫీసులో వేశారు. ఇకనుంచి ఆయన పని బెల్లు కొట్టడం, తాళంచెవులు చూసుకోవడం, బల్లలు మోయించడం.

“ఇన్నాళ్లూ చేసిన పనులే కదోయ్, ఇప్పుడు వాటికి ఉత్తర్వులొచ్చాయి” అన్నాడు ఇంటికొచ్చి. భార్య నవ్వలేదు. దగ్గరికొచ్చి మెడలోంచి ఈల తాడు తీసి సొరుగులో పెట్టింది. “నిజం చెప్పడానికి పదిహేనేళ్లా?” అని మాత్రం అంది. కూతురు ఆ మాట కూడా అనలేదు. తండ్రి దొంగ సంతకాలు చేశాడని బడంతా చెప్పుకుంటుంటే ఆ పిల్ల మూడు రోజులు ఆయనవైపు చూడలేదు. ఆ మూడు రోజులు మాస్టారికి చాలా కష్టంగా గడిచాయి.

కొత్త టీచరు పొట్టిగా, గట్టిగా ఉంది. మొదటి రోజే లెక్కల మాస్టారు సుద్దముక్కతో వెళ్లి ఏదో అడగబోయాడు. “కుదరదండీ” అంది ఆవిడ, ఆయన మాట పూర్తి కాకుండానే. లెక్కల మాస్టారు తిరిగొచ్చేశాడు. ఆకాశం విరిగి పడలేదు. ఆఫీసు కిటికీలోంచి చూస్తున్న మాస్టారు చువ్వలకి మొహం ఆనించాడు. ఇంతేనా? ఇంత చిన్న మాటేనా?

కొత్త టీచరు వచ్చిన మూడో వారం, ఎనిమిదో తరగతి డ్రిల్లు పీరియడ్ చివర్లో కూతురు ఆఫీసులోకి దూసుకొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. మోకాలు గీరుకుపోయింది. జడ ఊడిపోయింది. బడిలో ఆయన్ని సార్ అనే పిలవాలని ఇద్దరి మధ్య ఒప్పందం, అది ఆ పిల్లకి గుర్తులేదు.

“నాన్నా, నీళ్లు!”

గ్లాసు నిండా ఇచ్చాడు. సగం తాగి, సగం మీద పోసుకుంది. ఊపిరి తిరగ్గానే అడిగింది:

“ఇది ఇంత బాగుంటుందని నీకు ముందే తెలుసా?”

“తెలుసమ్మా” అన్నాడు. మొదటి నాలుగేళ్లు ఆయన కళ్లతో చూసిందే కదా.

“మరి ఇన్నేళ్లూ మాకెందుకివ్వలేదు?”

కోపంగా అడగలేదు. నిజంగానే తెలీక అడిగింది. తన మీద తను వేసుకోడానికి మాస్టారి దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉండేది. ఆ పూట దాని జోలికి పోకుండా, ఇంకో గ్లాసు నీళ్లకి కూజా అందుకున్నాడు. ఆ పిల్ల జవాబు కోసం ఆగలేదు. గ్లాసు బల్ల మీద పడేసి, వెనక్కి చూడకుండా మైదానంలోకి పరిగెత్తింది. పరిగెత్తుతుంటే దాన్ని ఆపేవాళ్లు లేరనిపించింది.

గోడ గడియారం పదకొండు నలభై చూపిస్తోంది. పీరియడ్ అయిపోయింది. మాస్టారు సుత్తి తీసుకుని వరండాలో బెల్లు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తర్వాత పీరియడ్ లెక్కలది. లెక్కల మాస్టారు అప్పటికే పుస్తకాలతో తయారై నిలబడి ఉన్నాడు.

“టైమైంది మాస్టారూ, కొట్టండి.”

మైదానంలో ఎవరో బంతి పైకి విసిరారు. ఆయన కూతురు చేతులు చాచి దాని కిందికి పరిగెడుతోంది. అందలేదు. వేళ్లకి తగిలి దూరంగా దొర్లిపోయింది. పిల్ల గట్టిగా నవ్వుతూ దాని వెంట పడింది.

“మాస్టారూ, పీరియడ్ నాది!” అన్నాడు లెక్కల మాస్టారు.

“మీదేనండీ, తెలుసు” అన్నాడు మాస్టారు. సుత్తి వెనక్కి పెట్టుకుని, కూతురు ఆ బంతి తెచ్చేదాకా బెల్లు కొట్టలేదు. తెచ్చాక కూడా కాసేపు కొట్టలేదు.